కడుగు పిండి

నీళ్ల మరలో పట్టిన పిండి ఒంటికి చలవ అని మా మావయ్య ఊళ్లో అందరూ నమ్మేవారు. కరెంటు మర పిండి వేడి చేస్తుందనీ, దానితో కాచిన జావ తాగితే కళ్లు మండుతాయనీ కూడా చెప్పేవారు. రసాయనశాస్త్రం చదువుకుని విజయవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరిన కొత్తలో, ఈ మాటలో నిజమెంతో చూద్దామని ల్యాబు నుంచి థర్మామీటరు తెచ్చి రెండు పిండుల్లోనూ గుచ్చి చూశాను. నీళ్ల మర పిండి దాదాపు గది చల్లదనంలోనే ఉంది. కంకిపాడు కరెంటు మర పిండి చేయి పెడితే చురుక్కుమనేంత వేడిగా ఉంది. అంతవరకు జనం మాట నిజమే. రాయి నెమ్మదిగా తిరిగితే రాపిడి తక్కువ, రాపిడి తగ్గితే వేడి తక్కువ. అయితే చల్లారిన తరవాత రెండింటికీ తేడా ఏముంటుందని మా అత్తయ్యను అడిగాను.

"థర్మామీటరు పిండికి పెడితే ఏం తెలుస్తుందే? తిన్న కడుపుకి పెట్టు," అంది ఆమె.

ఆ తరవాత కొన్నేళ్లకు, డెబ్బైల నడుమ, ఆ కడుపే మా అందరినీ హడలగొట్టింది. చివరికి మంచే జరిగింది గనుక ఈ సంగతులను ఇంత నెమ్మదిగా రాయగలుగుతున్నాను. ఆ రోజుల్లో ఇంత నెమ్మది నాలో లేదు.

డెల్టాలో నీళ్ల మర ఉండటమే ఒక వింత. నేలంతా పళ్లెంలా చదునుగా ఉండే చోట నీటికి దూకే అవకాశం ఎక్కడిది? కాలువలు సైతం ఒళ్లు విరుచుకుంటున్నట్టు బద్ధకంగా సాగుతాయి. ఒక్క లాకుల దగ్గర మాత్రం పై మట్టానికీ కింది మట్టానికీ నిలువెత్తు తేడా ఉంటుంది. కంకిపాడు దాటాక ఒక చిన్న కాలువ మీద అలాంటి లాకు ఉంది. దాని పక్కన ఇటుకల గదే మా మావయ్య మర. పై మట్టం నుంచి నీరు ఒక తూములోంచి వచ్చి, ఏటవాలు చెక్క దోనెలో జారి, గది కింద అడ్డంగా పడుకోబెట్టిన చక్రం రెక్కలను కొట్టేది. చక్రం ఇరుసు నిటారుగా లేచి, కింది రాతి నడుమ ఉన్న కన్నంలోంచి దూరి, పై రాయిని మోస్తూ తిప్పేది. నడుమ పళ్లచక్రాలు లేవు, బెల్టులు లేవు. చక్రం ఎంత తిరిగితే రాయీ అంతే తిరుగుతుంది. దీన్ని తెల్లదొరల కాలంలో లాకు కట్టిన మేస్త్రీలే తమ తిండి కోసం కట్టుకున్నారని కొందరు, మా మావయ్య తాతగారు గోదావరి వైపు చూసివచ్చి కట్టించారని కొందరు చెప్పేవారు. ఎవరూ ఆధారం చూపలేదు కాబట్టి ఆ సంగతి అక్కడే వదిలేస్తాను.

ఆ యంత్రంలో నాకు అన్నిటికంటె నచ్చింది ఒక కర్రముక్క. దాని ఒక కొన పై రాతి మీద ఆని ఉంటుంది, రెండో కొన గింజల తొట్టి మూతికి కట్టి ఉంటుంది. రాయి గరుకు మీద అది ఎగిరెగిరి పడుతూ తొట్టిని కుదుపుతుంది. నీటి వేగం పెరిగితే కుదుపు పెరిగి గింజలు ఎక్కువ రాలతాయి, తగ్గితే తక్కువ రాలతాయి. తన తిండి తానే కొలుచుకునే ఇలాంటి ఏర్పాటును వివరించడానికి నా పాఠ్యపుస్తకాలకు చాలా పేజీలు పట్టేవి.

ఆ మర దగ్గర ఒక ఆచారం ఉండేది. పిండి పట్టించుకోవడానికి వచ్చినవారు తమ సంచి తొట్టిలో వంచే ముందు, సొంత గింజలే ఒక పిడికెడు విడిగా వేయించేవారు. ముందు పట్టినవాళ్ల పిండి రాళ్ల మధ్య కొంత మిగిలి ఉంటుంది కదా, దాన్ని నెట్టేయడానికి. రాయి కడగడం అనేవారు దీన్ని. కారణాలు ఎవరివి వారికి ఉండేవి. జొన్నల తరవాత బియ్యం పట్టించేవారికి రంగు పట్టింపు. మినుముల తరవాత గోధుమలు పట్టించేవారికి వాసన పట్టింపు. కొందరికి తమకు ముందు వచ్చినవారు ఏ పేటవారన్నదే పట్టింపు. ఆ మాట ఎవరూ పైకి అనరు, పిడికిలి మాత్రం కాస్త పెద్దదవుతుంది. మావయ్య వాళ్లు క్రైస్తవులు. ఈ పెద్ద పిడికిళ్లను వాళ్లు గమనించనట్టే ఉండేవారు. అలా రాలిన తొలి పిండి కడుగు పిండి. దాన్ని ఎవరూ ఇంటికి తీసుకుపోరు. అది మరవాళ్లది. మూలనున్న రేకు డబ్బాలోకి పోతుంది. నా చిన్నతనంలో ఆ డబ్బా రోజూ సాయంత్రం గేదె కుడితిలోకి వంచేవారు.

అత్తయ్యకు నొప్పి వేసవి తరవాత మొదలైంది. బొడ్డు చుట్టూ ఎవరో తాడు వేసి మెలిపెడుతున్నట్టు ఉంటుందని చెప్పేది. వచ్చినప్పుడు మాట పెగిలేది కాదు. విరేచనం సరిగా అయ్యేది కాదు, ముఖం పాలిపోయింది, నోట్లో ఎప్పుడూ పైసా బిళ్ల పెట్టుకున్నట్టు రుచి అనేది. ఆమెకు అప్పటికే షుగరు ఉంది. రాత్రిపూట అన్నం మానేసి రొట్టె తింటూ పథ్యం పాటించేది. వర్షాకాలంలో ఒకసారి విజయవాడలో ఆసుపత్రిలో చేర్చాం. అల్సరని మందులిచ్చారు. కొద్దిరోజుల్లో నెమ్మదించింది. చర్చిలో స్తుతి కూడిక కూడా పెట్టించారు. ఇంటికి వచ్చాక మళ్లీ మొదలైంది.

ఒకసారి తగ్గినందుకు ప్రార్థన కారణం అనుకోవచ్చు, మందు కారణం అనుకోవచ్చు, కాని ఆసుపత్రిలో తగ్గినది ఇంటికి రాగానే తిరగబెట్టిందంటే రెండింటినీ పక్కన పెట్టి ఇంటినే చూడాలి అని మావయ్యతో అన్నాను. ప్రార్థనను పక్కన పెట్టమన్నందుకు ఆయన పూటంతా నాతో మాట్లాడలేదు. ఆయనకు కోపం వచ్చిన మాట అటుంచి, ఇంట్లో చూడవలసింది ఏమిటో నాకూ తెలియలేదు. బావి నీళ్లు ఇద్దరూ తాగేవారు. కూర ఒక్కటే, ఉప్పు ఒక్కటే. మావయ్యకు చీమ కుట్టినంత బాధ కూడా లేదు.

దసరా సెలవులకు ముందు నొప్పి బాగా ముదిరి మళ్లీ అదే ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఈసారి డాక్టరమ్మగారు పేగు ఎక్కడో మెలిపడి ఉండవచ్చుననీ, షుగరు కాస్త అదుపులోకి రాగానే పొట్ట కోసి చూడటమే దారి అనీ చెప్పారు. ఆ మాట విన్నప్పటినుంచి అత్తయ్యకు నొప్పి కంటె కత్తి భయం ఎక్కువైంది. ఆమె అక్కగారికీ ఇదే షుగరు. ఏదో గడ్డకు ఆపరేషను చేయించుకుంటే ఆ గాయం మానలేదు, చీము పట్టి ఆ మనిషే పోయింది. అత్తయ్య ఆ పుండును రోజూ కడిగిన మనిషి.

"నన్ను కొయ్యనియ్యకే," అంది నా చెయ్యి పట్టుకుని. "నొప్పితో పోతే పోతాను. అక్కలాగా కుళ్లి పోలేను."

నేను రెండో చేత్తో ఆమె దుప్పటి సర్దాను.

మావయ్య ఆమె మంచం పక్కనే ఉండిపోయాడు. మర దగ్గర జనం వదిలివెళ్లిన గింజల సంచులు అలాగే ఉన్నాయి. వాళ్లకు పిల్లలు లేరు. సెలవులన్నీ అక్కడే గడిపిన నాకు మర తిప్పడం తెలుసు. నాలుగు రోజులు చూడమని ఆయన అడిగితే బస్సెక్కాను.

తెలుసు అన్న మాట ఎంత బరువైనదో మొదటి పూటే తెలిసింది. ముందుగా దోనె మూతికి అడ్డంపడిన గుర్రపుడెక్కను కొంకికర్రతో లాగిపారేయాలి. లేకపోతే నీరు వస్తున్నట్టే ఉంటుంది గాని చక్రం కదలదు. తూము తలుపు ఒక్కసారిగా ఎత్తకూడదు, రాయి ఉలిక్కిపడి లేస్తుంది. కొద్దికొద్దిగా ఎత్తుతూ కింద ఇరుసు మూలిగే చప్పుడు ఆగి, రాళ్ల మధ్యనుంచి వానపడుతున్నట్టు సన్నని హోరు వచ్చేదాకా ఆగాలి. పై రాయిని ఎత్తడానికీ దించడానికీ గోడవారన ఒక మీట ఉంటుంది. దాని కింద చీలను తట్టి తోస్తే రాళ్ల మధ్య సందు వెంట్రుకవాసి మారుతుంది. రాలే పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాచి చూసి ఆ సందు సరిచేసుకోవాలి. గింజలు లేకుండా రాయిని తిప్పితే రాయి రాయినే తింటుంది. ఇవన్నీ తెలిసి కూడా, మొదటి సంచి జొన్నలను రవ్వగా మార్చాను.

ఆ సంచి కంకిపాడు రోడ్డు మీద కిరాణా కొట్టు నడిపే ఒకావిడది. రవ్వను దోసిట్లోకి తీసుకుని ఇటూ అటూ కదిలించింది.

"లెక్చరరుగారు పడితే పిండి కూడా నోట్సులాగే ఉందండీ, ఎక్కడికక్కడ విరిగిపోయి," అంది.

మళ్లీ పడతానన్నాను. తొట్టిలో పోస్తూ ఉండగా ఆమె గొంతు తగ్గించి, నా మంచి కోరే మనిషిలా ఇంకో మాట చెప్పింది. ఊరందరి పిండిలోంచీ తలా ఒక గుప్పెడు తీసుకు తినే ఇళ్లలో ఇలాంటి కడుపునొప్పులు వస్తాయట. ఇదివరకు ఫలానా చోట మరవాళ్లకూ వచ్చిందట. ఫలానా చోటు ఏదని అడిగితే ఊరి పేరు చెప్పలేకపోయింది. మా అత్తయ్య జనం పిండిలో వేలు పెట్టదన్నాను. మరి పిండి బరువెందుకు తగ్గుతుందని ఎదురడిగింది. అడగదగిన ప్రశ్నే. అక్కడే తక్కెడ తెచ్చి పిండిని తూచి, ఆమె తెచ్చిన జొన్నల తూకంతో పోల్చి చూపించాను. తేడా ఉంది. గాలికి లేచి నా తలమీదా రెప్పల మీదా పేరుకున్నది, రాళ్ల మధ్య చిక్కుకున్నది, ఆమె స్వయంగా రాయి కడగమని వేయించిన పిడికెడు, ఇవి కలిస్తే ఆ తేడా పూడుతుందని చెప్పాను. ఆమె విన్నది గాని నమ్మినట్టు లేదు. రుజువు చూసిన ప్రతివారూ నమ్ముతారని నేనూ ఎన్నడూ అనుకోలేదు.

రెండో రోజుకు కూడా పిండి మెత్తబడలేదు. రాళ్ల గంట్లు అరిగిపోయాయని అర్థమైంది. పై రాయిని లేపి ఉలితో గంట్లు పెట్టాలి. ఆ బరువు నా ఒక్కదానివల్ల కాదు గనుక లాకు చూసే లస్కరును పిలిచాను. ఆయన మావయ్య ఈడువాడు. లాకు తలుపులు ఎత్తడం, దించడం ఉద్యోగం, మిగతా వేళంతా వల విసరడం. ఇద్దరం మోకులూ గునపాలూ వేసి రాయిని లేపి గోడకు ఆనించాం.

పై రాతి అడుగున, నడిమి కన్నం చుట్టూ, ఇరుసు ఇనుప పట్టీని బిగించిన చోట బూడిదరంగు లోహం కనిపించింది. పిండి అంటుకున్న రాయి అంతా మసకగా ఉంటే అది మాత్రం అద్దంలా మెరుస్తోంది. అంచులు విరిగి పొడిపొడిగా ఉన్నాయి. గోటితో గీస్తే గీత పడింది. కాగితం మీద రాస్తే పెన్సిలు గీసినట్టు మరక వచ్చింది.

ఇదేమిటని లస్కరును అడిగాను.

"మీ మావయ్యగారి పనితనమండీ అది. ఇదివరకు తుమ్మ చీలలే ఉండేయి. అయ్యి వదులైపోయి రాయి గజగజలాడతంటే, పోయినేడు ఎండల్లో కాలవ కట్టేసినప్పుడు సీసం కరగబోశారు. గుండ్లు నా పాతవల గుండ్లేనండి," అన్నాడు, తన వంతు గొప్ప కూడా అందులో ఉన్నందుకు సంతోషంగా.

పొట్టలో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, పాలిపోయిన ముఖం, నోట్లో లోహపు రుచి. ఇవన్నీ నేను విద్యార్థినులకు సీసం లవణాల పాఠం చెప్పేటప్పుడు చివర రెండు వాక్యాలుగా చదివించేవే. అవి ఒక మనిషికి, అదీ నన్ను ఎత్తుకు తిప్పిన మనిషికి వస్తే గుర్తుపట్టడానికి నాకు రాయి తిరగేయవలసి వచ్చింది. వెంటనే తూము తలుపు దించేసి, ఇంక పట్టేది లేదన్నాను.

లస్కరు ఒప్పుకోలేదు. "సీసం విషమైతే మేమెట్టా బతికున్నామండీ? వలకి గుండ్లు పంటితో నొక్కి బిగిస్తాం. మా తాతలనాటినుంచీ అంతే," అన్నాడు. కొట్టిపారేయదగిన మాట కాదది. బిళ్లగా నోట్లో ఉండి బయటికి వచ్చేదీ, పొడిగా తిండిలో కలిసి రోజూ లోపలికి పోయేదీ ఒకటి కావని జవాబు చెప్పాను గాని, నేను చెప్పేది కూడా అప్పటికి ఊహే. మెరిసే లోహం రాతిలో ఉండటం ఒకటి, అది పిండిలో ఉండటం ఇంకొకటి, అత్తయ్య ఒంట్లో ఉండటం మూడోది. మూడింటి మధ్యా వంతెనలు నేనే కట్టుకోవాలి. అవతల షుగరు తగ్గుతోందని డాక్టరమ్మగారు సంతోషిస్తున్నారు. అది తగ్గేకొద్దీ కత్తి దగ్గరవుతుంది.

మూలన పట్టి ఉంచిన సంచుల్లోంచి, యజమానులను అడిగి, కాస్త కాస్త పిండి పొట్లాలు కట్టుకున్నాను. సరిచూసుకోవడానికి కంకిపాడులో దిగి కరెంటు మర పిండి కూడా కొన్నాను. విజయవాడలో కాలేజీకి సెలవులు. అటెండరును బతిమాలి ల్యాబు తెరిపించాను. పిండిని పింగాణీ మూసల్లో వేసి, సీసం ఆవిరైపోకుండా మంట మరీ పెంచకుండా, బూడిదయ్యేదాకా కాల్చాను. ఆ బూడిదను పలుచని నత్రికామ్లంలో కరిగించి, వడగట్టి, పొటాషియం అయొడైడు వేశాను. సీసం ఉంటే పసుపుపచ్చని మడ్డి పేరుకోవాలి. ఏదీ పేరుకోలేదు. మరోసారి చేశాను. నీళ్ల మర పిండికీ కరెంటు మర పిండికీ కంటికి కనిపించే తేడా లేదు.

ఊరివాళ్ల పిండి బాగుందని తేలినందుకు గుండె బరువు సగం దిగింది. మిగిలిన సగం రెట్టింపయింది. జనం పిండిలో సీసం లేకపోతే అత్తయ్య నొప్పికి నేను ఊహించిన కారణం ఊహగానే మిగిలిపోతుంది. ఎంత ఇష్టమైన ఊహనైనా పరీక్షలో నిలవకపోతే వదిలేయాలని పిల్లలకు చెప్పేదాన్ని. ఆ సాయంత్రం ఆసుపత్రికి నడుస్తూ దాన్ని వదిలేయడానికే ప్రయత్నించాను.

అత్తయ్య కొంచెం తేరుకుని కూర్చుని ఉంది. మర ఎందుకు ఆపానని మావయ్య అడిగితే జరిగినదంతా చెప్పాను. రోజూ రాత్రి నువ్వు రొట్టె చేసుకు తినేదీ ఆ మర పిండే, అందులో ఏమీ లేదని తేలింది అని అత్తయ్యతో అన్నాను.

ఆమె నా వైపు అదోలా చూసింది.

"ఆ పిండి నేనెప్పుడు తిన్నానే? అది జనం పిండి. మా అత్తగారు కాపరానికొచ్చిన రోజే చెప్పింది, జనం పిండి వేలికి అంటితే దులిపెయ్యాలి గాని నాక్కూడదని. నేను తినేది కడుగు పిండి."

"అది గేదెకు కదా పోసేది?"

"గేదె ఏదే? పోయిన సంక్రాంతికే అమ్మేశాం. డబ్బాడు పిండి పారబొయ్యమంటావా? గోధుమా, జొన్నా, చోళ్లూ అన్నీ కలిసుంటాయి. షుగరుకి మంచిదని నేనే జల్లించి రొట్టె చేసుకుంటున్నా. మీ మావయ్యకి అన్నం లేందే రాత్రి గడవదు."

రాయి ఆగి మళ్లీ తిరగడం మొదలుపెట్టినప్పుడల్లా, గింజలు ఇంకా నిండక, రాయి రాయిని రాసుకునే ఆ కొద్దిసేపట్లోనే సీసం ఎక్కువ అరుగుతుంది. ఆ అరుగును తమ పిడికెడు గింజలతో ఊడ్చి డబ్బాలోకి తోసిన తరవాతే ప్రతి ఇంటివారూ తమ పిండి పట్టించుకున్నారు. ఎవరి పిండో తమకు అంటకూడదన్న పట్టింపు ఊరిని కాపాడింది. ఎవరి పిండీ తాను ముట్టకూడదన్న పట్టింపు అత్తయ్యను ఆసుపత్రి మంచం మీదికి చేర్చింది. ఇది కూడా నా ఊహే, డబ్బాలోని పిండి అవునంటే తప్ప.

మర్నాడు మొదటి బస్సుకు వెళ్లి డబ్బా మొత్తం తెచ్చాను. అవే మూసలు, అదే ఆమ్లం. అయొడైడు చుక్కలు పడగానే పరీక్షనాళికలో బంతిపువ్వు రంగు విచ్చుకుంది. వేడిచేస్తే కరిగిపోయి, చల్లారుతుంటే బంగారు రేకుల్లా మెరుస్తూ మళ్లీ దిగింది. సీసం కాక మరొకటి అలా చేయదు. అయినా క్రోమేటుతో ఇంకోసారి చూశాను. అదీ పసుపే. బూడిద వేయకుండా ఉత్త ఆమ్లంతో చూస్తే ఏమీ రాలేదు. అంతవరకు ఆగి, అప్పుడు నాళికకు బిరడా బిగించి ఆసుపత్రికి బయలుదేరాను.

డాక్టరమ్మగారు నాళికను కిటికీ వెలుతురులో పెట్టి చూశారు.

"పిండిలో ఉందన్నారు, సరే. ఆవిడ ఒంట్లో ఉందనడానికి ఏమిటి రుజువు?" అన్నారు.

ఆమె మీద నాకు ఒక్కసారిగా నమ్మకం కుదిరింది. ఆ ప్రశ్న అడగని డాక్టరు చేతిలో అత్తయ్యను పెట్టడానికి నాకు భయంగా ఉండేది. ఒంట్లో సీసం చేరితే చిగుళ్ల మీద పడే నీలిగీత ఉందేమో చూడమన్నాను. నోరు మొదటే చూశామనీ, వక్క నమిలి నమిలి చిగుళ్లన్నీ ఒకటే నలుపనీ చెప్పారు. ఈసారి పెదవిని బాగా కిందికి లాగి, దూదితో తుడిచి, వక్క మరక అంటని కింది పళ్ల లోపలి వైపు చూశారు. అక్కడ పంటి మొదట్లో సన్నని గీత, వానమబ్బు రంగులో. అప్పటికీ ఆమె ఔననలేదు. వేలి కొన నుంచి రక్తపు చుక్క తీయించి, తనే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నారు. మేం వరండాలో నిలబడ్డాం. బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖంలో నవ్వులాంటిది ఉంది. ఎర్ర కణాల్లో నీలి చుక్కలున్నాయనీ, అవి సీసం గుర్తేననీ చెప్పి, ఆపరేషను గదికి పంపిన చీటీ వెనక్కి తెప్పించమని నర్సుకు చెప్పారు.

మంచం దగ్గరికి వెళ్లి చెబితే అత్తయ్య ముందు నన్ను నమ్మలేదు.

"అయితే కొయ్యరా?"

"కొయ్యరు."

"షుగరు తగ్గాక కూడానా?"

"తగ్గాక కూడా."

డాక్టరమ్మగారు వచ్చి అదే మాట చెప్పేదాకా ఆమె అలా కూర్చునే ఉంది. చెప్పాక దుప్పటి ముసుగు తన్ని పడుకుంది. ఏడుస్తోందేమోనని వంగి చూశాను. నిద్రపోతోంది.

మావయ్య మాత్రం మెట్ల మీద కూర్చుండిపోయాడు. నా చేత్తో పోశానే అమ్మాయ్ అని ఒకటే మాట. సీసం కరిగించిన మూకుడు, చల్లారాక రాయిని సానబట్టిన తీరు, రాయి వణుకు ఆగినందుకు ఎంత మురిసిపోయిందీ అన్నీ చెప్పుకున్నాడు. సాయంత్రం అత్తయ్య లేచాక ఆమె ముందు కూడా అదే మొదలుపెట్టాడు. ఆమె విని, "నువ్వు పోశావు, నేను వండుకు తిన్నాను. చెరిసగం. ఇంక చాలు, వెళ్లి టీ పట్రా," అంది.

దసరా సెలవులయ్యేలోగా ఆమెను ఇంటికి తీసుకువచ్చాం. మందులు చాలాకాలం వాడింది. రాతిలోని సీసాన్ని మావయ్య, లస్కరు కలిసి ఉలితో తవ్వి తీసి, మళ్లీ తుమ్మ చీలలే కొట్టారు. అవి వదులైనప్పుడల్లా మార్చుకోవలసిందే. లస్కరు ఆ సీసాన్ని ఏం చేశాడో అడిగితే మళ్లీ వలకు గుచ్చానన్నాడు. పంటితో కొరకవద్దని చెప్పాను. సరేనన్నాడు గాని, మానేశాడని నేను చెప్పలేను, చూడలేదు కనుక. మర తిరిగి నడిపే ముందు తొలి సంచుల పిండినీ కడుగు పిండినీ రెండింటినీ కాలేజీకి తెచ్చి పరీక్షించాను. రెండింటి నాళికల్లోనూ పసుపు రాలేదు.

మర మీద ఆధారపడ్డ ఇళ్లకు వెళ్లి ఎవరికైనా ఇలాంటి నొప్పి వచ్చిందా అని కూడా అడిగాను. లేదన్నారు. నా పరీక్షకు అందనంత కొంచెం సీసం వాళ్ల పిండిలోనూ ఉండి ఉండవచ్చు. కనిపించకపోవడం లేకపోవడం కాదు. కాని నొప్పితో ముడుచుకున్న మనిషి ఆ ఇళ్లలో ఒక్కరూ లేరు. ఆ మాట మాత్రం ధైర్యంగా రాయగలను. కిరాణా కొట్టు ఆవిడను కూడా అడిగాను. మీరు పట్టిన రవ్వ తిని ఒకరోజు వచ్చిందండీ, అది లెక్కలోకి రాదు కదా అంది.

ఆ శీతకాలమంతా ప్రతి ఆదివారం నేను బస్సెక్కి అక్కడికి వెళ్లేదాన్ని. అత్తయ్య చర్చి నుంచి వచ్చి వంటలో పడేది. గడప దాటుతూనే నొప్పి వచ్చిందా, నోట్లో రుచి ఎలా ఉంది, విరేచనం ఎలా అవుతోంది అని వరసగా అడిగేదాన్ని. మొదట్లో ఓపిగ్గా చెప్పేది. తరవాత్తరవాత నా అడుగుల చప్పుడు వినగానే లేదు, బాగుంది, అయింది అని వంటింట్లోంచే మూడు జవాబులూ వరసగా పలికేది. అయినా నేను అడిగేదాన్నే. ఒకనాడు వంకాయ కూర కలుపుతూ ఉండగా మళ్లీ అడిగాను. గరిటె పక్కన పెట్టింది.

"ఏమే, లేని నొప్పిని వారం వారం ఇంటికొచ్చి పిలుస్తావేంటే? ఒకవేళ అది పోయుంటే, నీ గొంతు విని మళ్లీ వస్తుంది. కూర్చో. తిను."

కూర్చున్నాను. ఆమె నాకు వడ్డించి, తనకూ వడ్డించుకుని, ఎదురుగా పీట వేసుకుంది. కూర బాగా కారంగా ఉంది. ఆమె రెండోసారి కలుపుకుంది. నేను ఇంకేమీ అడగలేదు.